రెండో కాపీ పులివెందులలో

2022లో ప్రొద్దుటూరులోని నా కంప్యూటర్ షాపుకు మస్తానన్న వచ్చాడు. ఆయనది ఫోటో స్టూడియో. ఒక పెళ్లి వీడియో ఉన్న హార్డ్ డిస్క్ చెడిపోతే, పెళ్లికూతురి తరఫువాళ్లు నడివీధిలో నానా మాటలూ అన్నారు. ఇంకోటి పోతే ఇక ఊళ్లో ఎవరూ పిలవరు. అందుకే నాస్ కట్టించుకోవాలనుకున్నాడు. అంటే డిస్కులన్నీ ఒకే డబ్బాలో ఉంచి, ఏ కంప్యూటర్ నుంచైనా తెరుచుకునే సర్వర్.

"పులివెందుల్లో మా చాంద్‌గాడు నాలుగు డిస్కులు పట్టే డబ్బా పెట్టుకున్నాడంట. నాకు ఎనిమిది పట్టేది కట్టియప్పా."

చాంద్ ఆయన తమ్ముడు. ఒకే స్టూడియో నడిపి, విడిపోయి, మాటలు మానేశారు.

"నీ పనికి రెండు డిస్కులు చాలన్నా. ఆ దుడ్లు మంచి యూపీఎస్‌కు పెట్టు."

"రెండా? వాడు నవ్వడూ?"

ఎనిమిది అరల క్యాబినెట్టే కొన్నాడు. యూపీఎస్ వచ్చే నెలకు వాయిదా పడింది. ఉన్న రెండు డిస్కులకూ మిర్రరింగ్ పెట్టాను, అంటే ఒకే వీడియో రెండింటిలోనూ ఉంటుంది. కానీ డబ్బాకే ఏమైనా అయితే రెండూ పోతాయి. ఇంకో కాపీ రోజూ ఇంటర్నెట్ ద్వారా వేరే ఊళ్లో, తమ్ముడి డబ్బాలో పెడదామన్నాను. ఆయన ముఖం మాడిపోయింది.

"నా పెండ్లిండ్లు వాడు సూడాల్నా?"

ఎన్‌క్రిప్షన్ చేస్తాననీ, ఆ తాళం ఆయన దగ్గరే ఉంటుందనీ నచ్చజెప్పాను. తన కాపీ కూడా అలాగే అన్న దగ్గర ఉంటేనే ఒప్పుకుంటానన్నాడు చాంద్.

పులివెందుల వెళ్లి చాంద్ డబ్బా విప్పాను. కట్టింది కడప షాపువాడెవడో. లోపల వైర్లు జడ అల్లినంత నీటుగా ఉన్నాయి. తప్పు పడదామని ఎంత వెతికినా దొరకలేదు. నాకు కడుపు మండిపోయింది.

తాళం వేసినా ఫోల్డరు ఎంత పెరిగిందో మాత్రం కనబడుతుంది. "భాయ్‌కి ఈ నెల శానా పెండ్లిండ్లు పడినట్లుండాయే!" అని చాంద్ ఫోన్ చేసేవాడు. "వానికి అన్ని బేరాలు యాడ్నుంచి వస్తాండాయప్పా?" అని మస్తానన్న షాపుకొచ్చి కూర్చునేవాడు.

ఎండాకాలంలో వీధిలో న్యూట్రల్ తీగ తెగి, ఇళ్లలోకి హై వోల్టేజీ వచ్చింది. యూపీఎస్ ఇంకా వాయిదాల్లోనే ఉంది. టీవీలతోపాటు మస్తానన్న డిస్కులు రెండూ కాలిపోయాయి. ఇవ్వాల్సిన పెళ్లిళ్లన్నీ వాటిలోనే ఉన్నాయి. చాంద్‌కు ఫోన్ చేయబోతే నా చేయి పట్టుకున్నాడు.

"వద్దు. వాణ్ని అడుక్కునేకంటే షట్టర్ దించుకుంటా."

ఎంత బతిమాలినా వినలేదు. మూడో రోజూ అదే మాట మీద నా షాపులో కూర్చుని ఉండగా, చాంద్ టవల్లో ఒక డిస్కు చుట్టుకుని లోపలికొచ్చాడు.

"మొన్నట్నుంచి నీ ఫోల్డరు పెరగలే భాయ్. ఏమన్నా అయిందేమోనని అంతా దించుకొచ్చినా."

"దినామూ నా ఫోల్డరే సూస్తాంటివా?"

"నువ్వు నాది సూడవా?"

మస్తానన్న టవల్ విప్పి, డిస్కు నా చేతికిచ్చి, పాస్‌వర్డ్ కొట్టాడు.

ఇప్పుడు ఎవరికి సర్వర్ కట్టినా, ఎన్ని డిస్కులని ముందు అడగను. రెండో కాపీ ఎవరి దగ్గర పెడతారని అడుగుతాను. నా షాపు లెక్కల కాపీ నా బీరువాలోనే ఉంది. అది పెరగడం ఆగిపోతే బస్సెక్కి వచ్చేవాళ్లు నాకెవరూ లేరు. కడపవాడి వైర్లను చూసి కుళ్లుకున్నదానికంటే, ఆ రోజు ఆ అన్నదమ్ములను చూసి ఎక్కువ కుళ్లుకున్నాను.