సొరపాదు కింద నాలుగు మిల్లీమీటర్లు

ఇరవై ఎనిమిదేళ్లుగా మా బాబాయి పని వాన కొలవడం. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు పెరట్లోని వర్షమాపకం గరాటు తీసి, సీసాలోని నీళ్లు కొలతగ్లాసులో పోసి, కళ్లద్దాలు సవరించుకుని అంకె చదువుతాడు. రిజిస్టర్లో రాసి, వాతావరణ కేంద్రానికి ఫోన్ చేసి చెబుతాడు. రేపు వాన పడుతుందా అని ఎవరైనా అడిగితే మండిపడతాడు. పడిన వానకే తను పూచీ అట.

రాడార్ అంటే ఆయనకు ఒళ్లుమంట. "ఎక్కడో కూర్చుని మబ్బుల్ని చూసి కాకిలెక్కలు చెప్తుంది. నా డబ్బాలో నీళ్లున్నాయి, చూసుకోండి" అనేవాడు. ఆ మాటను పూర్తిగా నమ్మిన మనిషి ఒక్కతే. ఆయన అక్క, అంటే మా అత్త. వాగు పక్కన ఒంటరిగా ఉంటుంది. ఎన్ని హెచ్చరికలు వచ్చినా తమ్ముడి అంకె వింటే గానీ గడప దాటదు.

ఆ రోజు తొమ్మిదింటి నుంచి కుండపోత. పదకొండింటికి కేంద్రం నుంచి ఫోన్.

"రాడార్‌లో మీ వైపు గంటకు అరవై మిల్లీమీటర్లు కనిపిస్తోందండీ. శాటిలైట్ ఫొటోలోనూ మబ్బు దట్టంగా ఉంది. మీ దగ్గరెంత?"

బాబాయి గొడుగేసుకుని వెళ్లి కొలిచాడు.

"నాలుగేనండీ. మీ రాడార్‌ని ఓసారి డాక్టరుకు చూపించండి."

ఫోన్ పెట్టేశాక చూసుకుంటే, గొడుగున్నా తడిసి ముద్దయ్యాడు. అనుమానం వచ్చి మళ్లీ పెరట్లోకి నడిచాడు. మాపకం చుట్టూ ఉన్న కంచె మీద తనే ముచ్చటపడి పాకించిన సొరపాదు, గరాటు మీద చేటలంత ఆకులు పరిచి ఉంది. వానంతా పక్కకు జారిపోతోంది. రోజూ ఆకులు తొలగించి కొలవడం, మళ్లీ జాగ్రత్తగా సర్దడం ఆయనే చేసేవాడు. నాలుగు నెలలుగా చుక్క పడలేదు కాబట్టి తేడా తెలియలేదు. మాపకం దగ్గర మొక్కలుండకూడదని వీధి వీధంతా చెప్పిందీ ఆయనే.

ముందు కేంద్రానికి చెప్పి తప్పు ఒప్పుకున్నాడు. తర్వాత అక్కకు ఫోన్ చేశాడు.

"అక్కా, వెంటనే ఇక్కడికి వచ్చెయ్."

"నీ డబ్బాలో ఎంత పడింది?"

నలభై అంటే సరిపోయేది. అబద్ధానికి నోరు రాలేదు.

"నాలుగు."

"నాలుక్కే ఇల్లు వదిలి రమ్మంటావేంట్రా?"

"నా డబ్బా తప్పక్కా. దాని మీద సొరపాదు పాకించాను. రాడారే నిజం."



"నీ నోట ఈ మాట ఎప్పుడూ వినలేదురా. అయితే కొంప మునిగేట్టే ఉంది. వస్తున్నా."

మధ్యాహ్నానికి వాగు ఆమె కిటికీల దాకా వచ్చింది. సాయంత్రం బాబాయి పాదు కోస్తూ కోస్తూ వెక్కి వెక్కి ఏడ్చాడు. గుమ్మంలో నిలబడ్డ అత్త ఓదార్చబోయింది.

"పోనీలేరా, పాదు ఇంకో చోట పెట్టుకుందువులే."