ఫోను మోగితే బావి దగ్గరికి

మా ముత్తాతగారు దివిసీమలో మూడూళ్లకు మునసబు. మా తాతగారు చల్లపల్లి వెళ్తే జమీందారు కచేరీలో లేచి కుర్చీ చూపేవారు. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాటే. నాన్నగారి కాలానికి పొలాలు కోర్టు వ్యాజ్యాల్లో కరిగిపోయాయి. నా వంతుకు మిగిలింది పెంకుటిల్లు, పెరట్లో బావి, హాల్లో నల్ల టెలిఫోను. తొంభైల మొదట్లో మా వీధి మొత్తానికి అదొక్కటే ఫోను. అందరూ చుట్టాలకు మా నంబరే ఇచ్చుకునేవారు.

ఎవరికైనా ఫోను వస్తే అమ్మ కబురు పంపేది. ఆ మనిషి రాగానే కుర్చీ వేసి, మమ్మల్నందర్నీ పెరట్లోకి తోలి, నడిమి తలుపు మూసేది. ఆ తర్వాత బావిలో చేద వేసేది. నీళ్లు అవసరం లేకపోయినా తోడేది. తుప్పు పట్టిన గిలక కిర్రుమంటుంటే హాల్లో మాటలు మా చెవిన పడేవి కావు. గిలకకు నూనె వేస్తానంటే అమ్మ ఒప్పుకునేది కాదు.

ఎదురింటి టైలరు గారి అమ్మాయికి తరచు ఒకచోటి నుంచి ఫోను వచ్చేది. అది ఎక్కణ్ణించో, ఫోను ఎత్తే అమ్మకు తెలుసు. ఒకసారి నేనూ ఎత్తాను కనుక నాకూ తెలుసు. ఇక్కడ రాయను.

ఆ రోజుల్లోనే మా ఇల్లు కొంటానని గుడివాడ నుంచి ఒక బట్టల కొట్టు యజమాని వచ్చారు. ఆ డబ్బుతో అమ్మకు కంటి ఆపరేషను చేయించాలని నా ఆశ. ఆయన టైలరు గారికి దూరపు చుట్టం కూడా. ఆ అమ్మాయిని తన మేనల్లుడికి చేసుకోవాలనుకుంటున్నారు. అరుగు మీద కాఫీ తాగుతూ, బేరం దాదాపు కుదిరాక, ఆ పిల్లకు ఫోన్లు ఎక్కణ్ణించి వస్తున్నాయని అడిగారు.

"తెలిసినా ఆ మాట మాది కాదండీ. ఫోను మాది, మాట ఆ పిల్లది. అడగాలంటే ఆ పిల్లనే అడగండి," అంది అమ్మ.

"దివాణం పోయినా దర్జా పోలేదండీ అమ్మగారికి," అని ఆయన నవ్వి లేచారు. ఇంటి బేరానికి మళ్లీ రాలేదు.

అరుగు మీది మాటలు ఎదురింట్లో వినపడే ఉంటాయి. తర్వాతిసారి ఫోను వచ్చినప్పుడు అమ్మ నడిమి తలుపు వైపు నడుస్తుంటే ఆ అమ్మాయి ఆమె కొంగు పట్టుకుంది. "మీరుండండి పిన్నిగారూ," అంది. అమ్మను పక్కనే కూర్చోబెట్టుకుని, ఫోను పెట్టేసేదాకా ఆమె చెయ్యి పట్టుకునే ఉందట. ఆ పూట గిలక మోగలేదు. ఏం విన్నదో అమ్మ చెప్పలేదు. నేను అడగలేదు. గుడివాడ పెళ్లివారు మాత్రం అడగవలసింది ఆ అమ్మాయినే అడిగారు.

రెండువేల సంవత్సరం దాటాక నేను పనిచేసే ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చాయి. బందరులో శిక్షణ ఇచ్చారు. ఒక పనికని మనిషి చెప్పిన సంగతిని ఆ పనికే వాడాలని, ఇంకొకరికి చెప్పాలంటే ఆ మనిషినే అడగాలని చాలా దేశాలు కూర్చుని ఒప్పుకున్నాయట. పాఠం చెప్పేవారు ఆ సూత్రాలు చదువుతుంటే అందరూ రాసుకున్నారు. నేను కలం కింద పెట్టాను.

అప్పట్లో ఆ గుడివాడ బేరం చెడడంతో అమ్మ కంటి ఆపరేషను ఏడాది ఆలస్యమైంది. మరుసటి వేసవిలో ఇల్లు ఒక మిల్లు యజమానికి తక్కువకే అమ్మేశాం. పెరడు, బావి, గిలక ఇంటితోబాటే పోయాయి.