కుడికే తిరిగే బండి

నా పెళ్లిచూపులు ఒక పొట్టి వైరు వల్ల చెడిపోబోయాయి. ఎలాగో చెబుతాను. నవ్వొస్తే మొహమాటపడకండి, మా ఇంట్లో వాళ్లు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

ఆ రోజుల్లో నాకు ఏ పనికీ ఒక్క పూట ఆగే ఓపిక లేదు. తెల్లారితే కుప్పంలో చూపులనగా, మదనపల్లెలో మెకానిక్ రమణప్ప దగ్గర బండికి ఎత్తయిన హ్యాండిల్ బార్ వేయించాను. దాన్ని పట్టుకుంటే చేతులు రెండూ పైకి లేచి, పోలీసులకు లొంగిపోతున్నవాడిలా ఉండేవాణ్ణి. నాకు మాత్రం రాజసంగా కనిపించింది.

"యాక్సిలేటర్ వైరు సాలదప్పా. పొడుగుది ఎల్లుండి వస్తాది. ఈ పొట్టిదే ఉంచితే, ఎడమకి తిప్పినప్పుడల్లా వైరు లాక్కోని బండి రైజ్ అయితాది," అన్నాడు రమణప్ప.

"కుప్పం రోడ్డు నేరుగానే కదన్నా ఉండేది. బిగించు."

"నీ ఇష్టం. రేపు నన్ను మాత్రం తిట్టొద్దు."

రోడ్డు మీద నిజంగానే ఏమీ కాలేదు. వేగంగా పోతుంటే మలుపుల్లో కూడా హ్యాండిల్ పెద్దగా తిప్పే పని ఉండదు కదా. పుంగనూరులో టీ తాగి బండిని ఎడమకు మళ్లించబోతే మాత్రం ఇంజను ఒక్కసారిగా అరిచింది. పక్కనే టమాటా ట్రేలు దింపుతున్నాయన చేతిలోది కింద పెట్టి దూరంగా జరిగాడు. ఇక ఎడమకు తిప్పేదే లేదని అక్కడే తీర్మానించుకున్నాను.

కుప్పంలో అమ్మాయి ఉండే సందు కుడివైపే, హాయిగా దూరాను. ఇల్లు మాత్రం ఎడమ పక్క. బస్సులో ముందే వచ్చిన మా నాన్న, కాబోయే మామగారు వాకిట్లో నిలబడి ఉన్నారు. రాహుకాలం వచ్చేలోగా నేను గడప దాటాలి. దిగి వాకిట్లోకి తోసుకుపోవచ్చు కదా అంటారు మీరు. అంత హ్యాండిల్ బార్ వేయించింది తోసుకుంటూ పోవడానికా? నవ్వుతూ తలూపి ముందుకు పోయి కుడికి తిరిగాను. మళ్లీ కుడికి, మళ్లీ కుడికి, ఇంకోసారి కుడికి. అదే సందు, అదే వాకిలి. ఇల్లు ఇంకా ఎడమ పక్కనే ఉంది.

"యాడికి పోతాండావురా?" అన్నాడు నాన్న.

"వస్తాండా నాయనా," అంటూ దాటిపోయాను.

ఇంకో చుట్టుకు పొరుగువాళ్లంతా బయటికొచ్చారు. మామగారి మొహం ముడుచుకుపోయింది. "మీవోనికి మా ఇల్లు నచ్చలేదేమోప్పా," అని నాన్నతో అనడం వినబడింది. ఫోటో చూసిన రోజు నుంచే ఆ అమ్మాయి తప్ప నాకు ఇంకెవరూ వద్దు.

ఈసారి తెగించి ఎడమకు తిప్పాను. బండి కేకపెట్టి, ముగ్గు తొక్కి, ఎండబోసిన రాగులను నాన్న పంచె మీదికి చిమ్మి, అరుగుకు గుద్దుకుని ఆగింది. హ్యాండిల్ ఎడమకే ఇరుక్కుపోవడంతో ఆగినా అరుపు మానలేదు. క్లచ్ వదిలితే నేరుగా వంటింట్లోకే పోతానని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు లోపలి నుంచి పట్టుచీరలో అమ్మాయి వచ్చి, తాళంచెవి తిప్పి లాగేసింది.

"లోపలికి రాండి. రాహుకాలం వస్తాండాది," అంది.

వెళ్లాను. పెళ్లీ అయింది. ఇక ఈ జన్మలో ఏ బండి హ్యాండిల్ బారూ మార్చనని మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఆ తాళంచెవి ఆమె ఇప్పటికీ తిరిగి ఇవ్వలేదు కనుక, మాట తప్పే అవకాశం కూడా లేదు.