టర్బో మింగిన అడుగులు

“రిపేరులో సగం నువ్వియ్యాల పెద్దమ్మా. నీ చేలో చెడింది, నీ రాయికి చెడింది.”

“ఆ రాయి నేను పెట్టినానా అబ్బయ్యా? దేవుడు పెట్టినాడు. పోయి ఆయన్ని అడుగు సగం.”

“ఎకసెక్కాలు వద్దు. ఇదే బోరుబండి మొన్నటిదాకా కలువాయిలో నాలుగు బోర్లు ఏసింది. దగ్గు గూడా రాలేదు. నీ చేలోకి వచ్చి రెండు రోజులు గాలా, రొమ్ము పట్టుకోని కూసునింది.”

“అంటే ముసిలి బండిని నా చేలోకి తెచ్చి చంపి, పాడె ఖర్చు నన్ను పెట్టుకోమంటావా?”

“అట్టయితే నూటతొంబై అడుగులకు లెక్కగట్టి ఇచ్చెయ్. బొక్కలో దించిన రాడ్లు పీక్కోని పోతా.”

“చుక్క నీళ్లు పడని బొక్కకు డబ్బులా?”

“మనం మాట్లాడుకునింది అడుగుల లెక్క. నీళ్ల లెక్క గాదు.”

అది నిజమే. అందుకే నాకు ఇంకా మండింది. పక్కనే నిలబడ్డ నా కొడుకు, “ఇచ్చేద్దాం లేమ్మా, గొడవెందుకు” అన్నాడు. వాడెప్పుడూ ఇంతే. ఎదుటి మనిషి గొంతు పెంచితే చాలు, నా డబ్బు తీసి ఇచ్చేస్తాడు.

ఇది ఎనభైల్లో మాట. ఉదయగిరి కొండకు ఈ పక్కన మాకు అరవై నిమ్మచెట్లు ఉండేవి. వరసగా రెండేళ్లు వాన ముఖం చాటేసింది. బావి ఎండింది. ఆడా మొగా అనకుండా ఇంట్లో అందరం బిందెలతో మోసి పోశాం. అరవై చెట్లకు బిందెలతో ఎన్నాళ్లు పోస్తారు? ఆకు ముడుచుకుంది, పూత రాలింది. ఇంకో నెల చూస్తే పొయ్యిలోకి కట్టెలు తప్ప ఏమీ మిగలవని తెలిసిపోయింది. అందుకని బోరు వేయిద్దామని, గొర్రెపిల్లల్ని అమ్మి కూడబెట్టిన డబ్బు బయటికి తీశాను. మోటారుకు కావలసింది వేరే ముడి వేసి పెట్టాను. మిగిలింది మూడు వందల అడుగులకు సరిపోతుంది. నేను మూడో తరగతితో బడి మానేసిన మనిషిని. రూపాయల్లో లెక్క వేస్తే ఎక్కడో ఒకచోట తప్పుతాను. అడుగుల్లో వేస్తే తప్పను. ఆ నెలంతా నాకు ఉప్పైనా పప్పైనా అడుగుల్లోనే కనిపించింది.

బోరుబండి ఆత్మకూరు నుంచి వచ్చింది. యజమాని ఆత్మకూరు మనిషే. అడుగు రేటు తగ్గించమని ఒక పూటంతా వాదించాను. చివరికి ఆయన తగ్గించాడు కానీ, డీజిలు నువ్వే పోసుకోవాలన్నాడు. సరే అన్నాను. బోరు వేసేవాళ్లకు మూడు పూటలా అన్నం పెట్టడం ఎటూ చేనుగల వాళ్ల మీదే ఉంటుంది. డీజిలు పీపా నా కళ్ల ముందు ఉంటే ఒక్క చుక్క వృథా కాకుండా చూసుకోగలనని నా ధైర్యం. నా తెలివి మీద నాకు అప్పుడు అంత నమ్మకం.

బండి వెనకాల గాలి కొట్టే పెద్ద ఇంజిను ఒకటి ఉంటుంది. అది కొట్టే గాలికే లోపల సుత్తి ఆడి రాయి పగులుతుంది, రాతిపిండి పైకి వస్తుంది. దాన్ని నడిపే ఆపరేటరు తమిళ దేశం మనిషి. పని తెలిసినవాడు, తక్కువ మాట్లాడేవాడు. మొదటి రోజు మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే ఆయన చేతులు కడుక్కొని వచ్చాడు. ఇంజిను మాత్రం అక్కడ భడభడమంటూ తిరుగుతూనే ఉంది.

“ఏందయ్యా, అది ఎవురి కోసం తిరగతా ఉండాది?” అన్నాను.

“అయిదు నిమిషం ఉట్టిగా తిరగాలమ్మా. వేడి దిగాల. తరవాత ఆపతా.”

“ఉట్టిగా తిరిగేదానికి నా డీజిలెందుకు? వేడి దిగాలంటే ఆపితే దిగుద్ది. మా ఇంట్లో పొయ్యి ఆర్పితేనే ఆరుద్ది. తడి గోనెపట్ట ఇస్తా, కప్పు.”

“గోనెపట్ట వద్దమ్మా, పగిలిపోతాది.”

“అయితే ఆపు ముందు. అన్నం వడ్డించినాను.”

ఆయన నా వైపు చూశాడు, వడ్డించిన విస్తరి వైపు చూశాడు, పోయి ఆపేశాడు. అప్పటినుంచి అదే పద్ధతి. పొద్దున ఉప్మాకు, మధ్యాహ్నం అన్నానికి, సాయంత్రం టీకి నేను చెయ్యి ఊపగానే ఇంజిను టక్కున ఆగాలి. ఆగేది. పీపాలో పుల్ల పెట్టి చూసుకొని, ఇవాళ ఇంత మిగిలిందని నా కొడుక్కి చెప్పి మురిసిపోయాను కూడా.

రెండో రోజు అన్నాలు తిన్నాక మళ్లీ ఇంజిను వేశారు. అంతకుముందు సన్నగా ఈల వేసినట్టు వచ్చే మోత, ఈసారి కత్తి సాన పట్టినట్టు వచ్చింది. నీలం పొగ కమ్ముకుంది. సుత్తి మూలిగి ఆగిపోయింది. ఆపరేటరు ఇంజిను మూత తెరిచి చెయ్యి పెట్టి చూసి, “టర్బో పోయింది” అన్నాడు. ఎందుకు పోయిందని నేను అడగలేదు. యంత్రమన్నాక పోతుంది, వాళ్ల తలనొప్పి అనుకున్నాను. ఆత్మకూరు బస్సు డ్రైవరుతో కబురంపితే మర్నాడు పొద్దున్నే యజమాని దిగాడు. దిగీ దిగగానే మొదలైందే ఆ సగం తగాదా.

తగాదా ఎటూ తెగలేదు. ఆయన రాడ్లు పీక్కొని పోతే ఎండ ముదిరేదాకా మళ్లీ నా చేలోకి రాడు. ప్రతి ఊళ్లోనూ బోరుబండి కోసం ఎదురు చూస్తున్నారు. నా చెట్లు అంతకాలం ఉండవు. కాబట్టి గొంతు తగ్గించి, “సరే, రిపేరు మేస్త్రీ దగ్గరికి పోదాం. ఏం చెడిందో, ఎంత అవుతుందో నా చెవులతో నేను వినాల. అప్పుడు చూస్తా నీ సగం” అన్నాను.

“నువ్వెందుకు పెద్దమ్మా బస్సులో అంత దూరం? చీటీ రాయించుకోని వస్తా.”

“చీటీ మీద ఎవురైనా ఏమైనా రాస్తారు. పద.”

విప్పి చేతిలో పెట్టిన ఆ టర్బో నత్తగుల్లలా చుట్టుకొని, గుమ్మడికాయంత ఉంది. దీనికోసమా ఇంత రాద్ధాంతం అనిపించింది. తువ్వాల్లో మూటగట్టి బస్సెక్కాం. కండక్టరు దానికి లగేజీ టిక్కెట్టు తీసుకోమన్నాడు. “ఒళ్లో పెట్టుకుంటే లగేజీ ఎట్టా అవుతుంది?” అని నా ఒళ్లోకి లాక్కున్నాను. వింజమూరు దాటేసరికి నూనె తువ్వాలు దాటి నా చీరకు పట్టింది. టిక్కెట్టు డబ్బులు మిగిలాయి, చీర పోయింది. యజమాని కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వాపుకోవడం నాకు కనిపించకపోలేదు.

ఆత్మకూరులో మేస్త్రీ పెద్దవయసు సాయిబు. కళ్లజోడుకు ఒక పక్క దారం. షెడ్డు ముందు నేల మీద కూర్చొని, దాన్ని ఒళ్లో పెట్టుకొని ఒక్కొక్క బోల్టే విప్పాడు. లోపలి నుంచి వేలెడంత ఇరుసు తీశాడు. అది నీలంగా, నల్లగా కాలిపోయి, గీతలు పడి ఉంది. దాని చుట్టూ ఉండే ఇత్తడి బుష్షులు అరిగి రేకులైపోయాయి.

“భాయ్, బండిని ఎవురు నడపతా ఉండారు?” అన్నాడు యజమానితో.

“మా తమిళాయనే. ఏం?”

“కొత్తోడా?”

“ఆరేళ్ల నించి నా దగ్గరే ఉండాడు.”

“అయితే ఆయనకు ఏదో అయ్యుండాది.” సాయిబు ఆ ఇరుసు నా వైపు తిప్పి చూపించాడు. నేను అడిగానని కాదు, ఎదురుగా కూర్చున్నాను కాబట్టి. “చూడమ్మా, పొగ తోసే తోపుకు ఇది తిరగతాది. ఎట్టా? కంటికి కనిపించనంత జోరు. దీనికి నూనె ఇంజిను పంపిస్తాది. బాగా పని చేస్తా ఉండంగా టక్కున ఇంజిను ఆపినారనుకో, నూనె ఆగిపోయింది. కానీ ఇది ఆగదు, తిరగతానే ఉంటాది. ఎర్రగా కాలి, ఎండు గొంతుతో. అందుకే అయిదు నిమిషాలు నెమ్మదిగా తిప్పి ఆపాల. దీన్ని ఒకసారి గాదు, మళ్లీ మళ్లీ అట్టా ఆపినారు. చంపేసినారు.”

“రాయి వల్ల గాదా?” అన్నాను.

“రాయికీ దీనికీ సంబంధమేంది అమ్మా? రాయి కింద ఉండాది, ఇది పైన ఉండాది.”

యజమాని లేచి నిలబడ్డాడు. “ఆరేళ్లు అన్నం పెట్టినా గదా వాడికి! తొందరగా తిని పడుకోవాలని ఆపేసి ఉంటాడు. పోయి వాణ్ణి అక్కణ్ణించే ఊరికి పంపించేస్తా. ఇది వాడి జీతంలోంచే కట్టిస్తా. పెద్దమ్మా, నీ సగం నాకు వద్దులే.”

నా సగం వద్దన్న మాట అది. వింటానికి ఎంత బాగుందో ఇప్పటికీ గుర్తుంది. మూడు వందల్లో ఇంకా వేయని నూట పది అడుగుల డబ్బూ నాకు మిగిలిపోతుంది. నేను నోరు మూసుకొని కూర్చుంటే చాలు. ఆ తమిళాయన నా పేరు చెప్పడు. చెప్పేవాడైతే పొద్దున్నే చెప్పేవాడు, మేం సగం సగం అని అరుచుకుంటున్నంతసేపూ రాడ్డు తుడుస్తూ నిలబడేవాడు కాదు. ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు. చేనుగలామె మాట విని బండి చెడగొట్టానని చెప్పుకోవడం కూడా ఆయనకు తప్పేనేమో. ఎవరి మీద కోపం వచ్చిందో నాకే తెలియకుండా కోపం వచ్చింది. ఆ ముక్క ఆ రోజు నాకే గట్టిగా చెప్పి ఉంటే ఏం పోయింది ఆ మనిషికి? చెప్పాడు. నేనే వినలేదు. అది ఇంకా ఒళ్లు మండించే సంగతి.

“ఆ మనిషిని ఏమీ అనబాక,” అన్నాను. “ఆపమనింది నేను.”

“నువ్వా?”

“డీజిలు నాది గదా. ఊరికే తిరగతా ఉంటే చూడలేక ఆపమన్నా. ఆయన వద్దన్నాడు. నేను ఊరుకోలా.”

“జీతమిచ్చేది నేనైతే వాడు నీ మాట ఎట్టా వింటాడు?”

“ఆ పూట అన్నం పెట్టింది నేను గదా!”

సాయిబు కళ్లజోడు తీసి నవ్వాడు. “అరె, మా ఇంట్లో గూడా ఇంతే భాయ్. లైటు ఆపు, ఫ్యాను ఆపు అని మా ఆమె. ఆమెను గానీ బండి ఎక్కించలేదు, బతికిపోయినా.”

యజమానికి నవ్వు రాలేదు. “అయితే సగం గాదు పెద్దమ్మా. మొత్తం నువ్వే.”

“మొత్తం నేనే. ఎవురు కాదన్నారు?” అన్నాను. చిరాకులో మనిషి ఎంత మాటైనా అనేస్తాడు.

కొత్త టర్బో అంటే మద్రాసు నుంచి రావాలట, దాని ధర విని లెక్క వేసుకుంటే నూట పది అడుగులూ పోయి ఇంకా కావాలి. సాయిబు దగ్గర పాత టర్బో ఒకటి ఉంది. దాని ఇరుసు తీసి, కొత్త బుష్షులు వేసి దీనికి ఎక్కిస్తానన్నాడు. అరవై అడుగుల డబ్బు చెప్పాడు. బుష్షులు ఒకటొకటిగా చేతిలోకి తీసుకొని, ఇంత ముక్కకు ఇంత ధరా అని అడిగి అడిగి విసిగించాను. “అమ్మా, నువ్వు ఇంకో గంట కూసుంటే నేనే నీకు బాకీ పడేట్టుండా” అని యాభై అడుగులకు దిగాడు. పని అయ్యేదాకా అక్కడే కూర్చున్నాను. సాయంత్రం బస్సుకు వెనక్కి వచ్చాం. ఈసారి మూట యజమాని ఒళ్లో పెట్టుకున్నాడు. ఇంటికి పోగానే నా కొడుకు, “ఎంతయిందమ్మా?” అంటే, “యాభై అడుగులు” అని చెప్పి పడుకున్నాను.

మర్నాడు పొద్దున్నే టర్బో బిగించారు. సన్నని ఈల మళ్లీ వచ్చింది, సుత్తి ఆడింది. నా దగ్గర అరవై అడుగులే మిగిలాయి. నలభై అడుగులు పొడి పిండే వచ్చింది. నలభై అయిదు దగ్గర పిండి తడిసింది. అరవయ్యో అడుగు పూర్తయ్యేసరికి నీళ్లు పడ్డాయి. ఆపరేటరు చూసి, “ముప్పావు అంగుళం ఉంటాదమ్మా” అన్నాడు. యజమాని మెత్తబడి, “ఇంకో యాభై పోతే రెండంగుళాలు పడతాయి పెద్దమ్మా. డబ్బులు తరవాత ఇద్దువులే” అన్నాడు. నా కొడుకు నా ముఖం చూశాడు. అప్పు చేసి నీళ్లు తాగే అలవాటు నాకు లేదు, చాలని చెప్పేశాను. రాడ్లు పైకి తీయడం మొదలుపెట్టారు.

ముప్పావు అంగుళానికి ముప్పై అయిదు చెట్లు బతుకుతాయని అందరూ ఒకే లెక్క చెప్పారు. నేనూ నా కొడుకూ గోతం పట్టుకొని తోట పడమటి వైపుకు పోయాం. ఆ పక్క వరసల్లో మిగతా ఇరవై అయిదు చెట్లకు ఉన్న కాయలన్నీ కోసేశాం. అర గోతం కూడా నిండలేదు. తరవాత వాడు పార తెచ్చాడు. నీళ్లు అటు మళ్లకుండా ఆ చెట్ల పాదులు ఒక్కొక్కటే పూడ్చేశాం.