కర్చీఫు లేవని ఆదివారం

మొన్న పేపర్లో, పాత టీవీ ప్రసారాల తరంగాల్లో మిగిలినవాటిని కూడా వేలం వేసి ఫోను కంపెనీలకు ఇస్తారన్న వార్త ఒక మూల చిన్నగా కనపడింది. మన ఈడువాళ్ళకు తప్ప ఇంకెవరికీ అది వార్త కాదు గాని, నాకు మాత్రం మౌలాలి రైల్వే కాలనీలో మా డాబా, దాని మీద ఆంటెన్నా, దాన్ని పట్టుకుని నిలబడ్డ మా అన్నయ్య గుర్తొచ్చి, చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను.

అన్నయ్యకు పుట్టుకతోనే వినపడదు. ఆదివారం మధ్యాహ్నం టీవీలో చేతులతో చెప్పే వార్తలు వచ్చేవి, మీకూ గుర్తుండే ఉంటుంది, ఆ కాసేపూ మనమంతా లేచి అన్నాలు వడ్డించుకునేవాళ్ళం. మా ఇంట్లో మాత్రం అదే పండగ. మౌలాలి గుట్ట పక్కన ఎత్తులో ఉండటంతో మాకు బొమ్మ బాగా వచ్చేది. తమ ఇళ్ళలో బొమ్మ సరిగా నిలవక, అన్నయ్యలాగే వినపడని అతని స్నేహితులు బోయిన్‌పల్లి నుంచీ, ఇంకా ఎక్కడెక్కడి నుంచో బస్సులు మారి వచ్చేవారు. రెజిమెంటల్ బజార్లో బట్టలు కుట్టే భాయి అయితే మేం చర్చి నుంచి వచ్చేసరికే బిస్కెట్ల పొట్లంతో అరుగు మీద ఉండేవాడు. ఊరంతా ఆంటెన్నా తిప్పుతూ "వచ్చిందా?" అని అరుచుకుంటుంటే, మావాళ్ళకు అరుపుతో పనేముంది, టీవీ ముందు ఒకరు, గుమ్మంలో ఒకరు నిలబడి సైగ అందించేవారు, బొమ్మ కుదరగానే వాకిట్లో భాయి తెల్ల కర్చీఫు ఎత్తేవాడు, డాబా మీద అన్నయ్య చెయ్యి ఆగేది. వార్తలు కాసేపే అయినా వాటి మీద చేతులతో తగువులు సాయంత్రం దాకా సాగేవి. అంత సందడి నేను మళ్ళీ ఏ ఇంట్లోనూ చూడలేదు.

కొన్నేళ్ళకు, ఆంటెన్నాకు అందే ఆ ప్రసారం ఆపేస్తున్నామని ప్రకటించారు. ఆ తరంగాలు సెల్‌ఫోన్లకు కావాలట. అన్నయ్యకు చేతులతో చెప్పాను, కాయితం మీద రాసి చూపించాను. గాలిలో వచ్చేదాన్ని ఎవరెత్తుకుపోతారని నన్నే ఆటపట్టించాడు. ప్రసారం ఆగిన ఆదివారం తెర మీద చుక్కలు తప్ప ఏమీ లేవు. ఆంటెన్నా జారిందనుకుని అన్నయ్య డాబా ఎక్కి, ఎండలో, ముందు మెల్లగా, తర్వాత పంతం పట్టినట్టు దాన్ని తిప్పుతూనే ఉన్నాడు, కళ్ళు మాత్రం వాకిట్లోనే. భాయి కర్చీఫును నలుపుతూ నిలబడ్డాడు గాని ఎత్తలేదు. చివరికి నేనే పైకెళ్ళి అన్నయ్యను చెయ్యి పట్టుకుని దించాను.

"ఇంకెన్ని దినాలక్కా గీ పరేషాన్, కేబుల్ పెట్టిస్తే అన్నీ వస్తయ్" అన్నాడు కాలనీ కేబుల్ అతను. అన్నీ వచ్చాయి, ఆ వార్తలూ వచ్చాయి. కాకపోతే అందరి ఇళ్ళకూ వచ్చాయి, దాంతో మౌలాలి రావలసిన పని ఎవరికీ లేకపోయింది. భాయి కొన్నాళ్ళు వచ్చి, వయసు మీదపడి ఆగిపోయాడు. అన్నయ్య ఒక్కడే టీవీ ముందు కూర్చుని, నచ్చని మాట వస్తే తగువుకు చెయ్యెత్తి, ఎదురు ఎవరూ లేక దించుకునేవాడు. ఫోను వినలేని మనిషికి ఉన్న ఒక్కటీ తీసుకుని ఫోన్లకిచ్చారని నాకు కడుపు మండేది, ఇప్పటికీ మండుతుంది.

అన్నయ్య పోయి చాలా కాలమైంది. ఈమధ్య సికింద్రాబాద్ స్టేషన్లో ఒక కుర్రవాడు ఫోనును సంచికి ఆనించి నిలబెట్టి, రెండు చేతులతో పోట్లాడుతున్నాడు. ఫోను తెర మీద ఒక అమ్మాయి అంతకంటే కోపంగా చేతులతోనే జవాబిస్తోంది. ఒకప్పుడు మా డాబా మీదికి వచ్చిన గాలే ఇప్పుడు వాళ్ళ తగువులు మోస్తోంది, సంతోషమే. మా అన్నయ్యకు మాత్రం ఆ ఆంటెన్నాకూ ఈ ఫోనుకూ నడిమి ఏళ్ళన్నీ మాట్లాడే మనిషి లేకుండానే గడిచిపోయాయి.