కెటిల్ ముచ్చట నాది కాదు

పద్దెనిమిదేండ్ల సంది ఒక అబద్ధం మోస్తున్న. మోస్తున్న అంటే కుమిలిపోయి, తిండి మానేసి మోస్తున్ననని అనుకోకున్రి. మంచిగ తిన్న. మంచిగ పండుకున్న. శాలువలు కప్పించుకున్న. మా బీరువ తెరిస్తే శాలువలే మీద వడ్తయి. అయినా కప్పిన ప్రతిసారి మెడ కాడ ఏదో గుచ్చుకునేది. జరీ అనుకునేదాన్ని. జరీ కాదని నాకూ ఎరుకనే. మీరెవరో నాకు తెల్వదు, గందుకే మీకు చెప్పబుద్ధైతాంది.

నేను నర్సును. సూరారంల పుట్టి పెరిగిన. మా నాయిన ఫ్యాక్టరీల పనిచేసెటోడు. ఇంట్ల నా అంత నోరు ఎవలకు లేకుండె. దవాఖానల అడుగుపెడితే మాత్రం గదే నోరు మూతవడేది. డాక్టరు మందు తప్పు రాసిండని కండ్లకు కనవడ్తాంటే గూడ, "సార్, జర మల్లొకసారి చూస్తరా" అనేతందుకు భయమయ్యేది. గీ భయం పోగొట్టాలెనని మా పెద్దసారు ఒక ట్రస్టు పెట్టిండు. ఆయన పెద్ద సర్జన్. రిటైరైనంక ఊకె కూసునే మనిషి కాదు. డాక్టర్లను, నర్సులను, ల్యాబోళ్లను మూడు దినాలు ఒక్కకాడ కూసోవెట్టి, పైనోళ్లకు వినుడు, కిందోళ్లకు చెప్పుడు నేర్పాలెనని ఆయన పట్టు. దానికి నాయకత్వ శిక్షణ అని పేరు పెట్టి, నన్ను సాయానికి రమ్మన్నడు.

జాగ యాడ దొరికిందనుకున్నరు? శామీర్‌పేట తొవ్వల మూతవడ్డ కోళ్ల ఫారం. సున్నం వేయించినం, ఫ్యాన్లు బిగించినం. అయినా వాన పడ్డదంటే కోళ్లన్ని తిరిగొచ్చినట్టే వాసన. మొదటి బ్యాచి దినమే వాన పడ్డది.

డాక్టర్లంత ముందట కూసొని ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నరు. నర్సులం ఎనుక గోడకు ఆనుకొని కూసున్నం. ముందు వరుసల ఒక డాక్టరుండె, మైకు అక్కర్లేని గొంతు. పొద్దున సంది ఆయన ఒక్కడే మాట్లాడుతుండు. పెద్దసారు "మీరు చెప్పున్రమ్మా, మీరు చెప్పున్రి" అని బతిమాలినా ఒక్క నర్సు నోరు తెరవలె. చాయ్ పూటకు సారు బయటికొచ్చి, "ఇయ్యాల్నే దుకాణం మూసుకుందాం" అన్నడు. ఆయన మొకం సూడలేకపోయిన. నేనూ పరేషాన్ అయిన.

గప్పుడు యాదమ్మ చీపురు గోడకు ఆనిచ్చింది. యాదమ్మ అంటే అక్కడ ఊడ్చి తుడిచే ఆయమ్మ. శామీర్‌పేట చెరువుల చేపలు పట్టుకొని బతికే ఇంటి ఆడిబిడ్డ.

"సిస్టర్, మా చెరువు కాడ చేపలు కుప్పలు ఏసి పంచుకునేటప్పుడు మస్తు లొల్లైతది. ఎవ్వడు ఎక్కువ ఒర్రుతడో గానికే పంచే పని ఒప్పజెప్తం. ఒక్కొక్కని మొకం సూసి కుప్ప చేతికియ్యాలె. వాని కుప్ప ఆఖరిది. దెబ్బకు నోరు సల్లవడ్తది. గా ఒర్రే డాక్టరు చేతుల చాయ్ కెటిల్ పెట్టున్రి, సూద్దాం."

పోతే పోయిందనుకొని పెట్టిన. "సార్, అందరికీ మీరే పోయాలె. ఒక్కొక్కల పేరడగాలె, శక్కర ఎంతనో అడగాలె. మీరు ఆఖరికి తాగాలె" అన్న. ఆయన బిత్తరపోయి లేచిండు. మూడో నర్సు కాడికొచ్చి పేరడిగిండు. ఆ పిల్ల పేరు చెప్పి, "సార్, మనం నాలుగేండ్ల సంది ఒక్క వార్డులనే పని జేస్తున్నం" అన్నది. షెడ్డు షెడ్డంత పక్కున నవ్వింది. ఆయన చెవులు ఎర్రగైనయి, ఇగ ఆయన గూడ నవ్విండు. ఎనుక గోడ దాంక వచ్చేసరికి ముచ్చట్లే ముచ్చట్లు. ఆయన వంతుకు కెటిల్‌ల మడ్డి మిగిలింది. అదే తాగిండు పాపం.

పెద్దసారు ఉరికొచ్చిండు. "ఎవలకు తట్టింది గీ ఆలోచన?"

యాదమ్మ తలుపు కాడ ఉన్నది. రెండు మూరల దూరం. చెయ్యి చాపి చూపిస్తే సరిపోయేది.

"నాకే తట్టింది సార్" అన్న.

ఎందుకన్న? ఇప్పటికీ అడుగుత నన్ను నేను. ముందుగాల అనుకున్న మాట కాదది. కానీ తర్వాత వాపసు తీసుకునేతందుకు పద్దెనిమిదేండ్లు టైముండె గద, అప్పుడెందుకు తీసుకోలె? యాదమ్మ నా దిక్కు చూసింది. కోపం గిట్ల ఏం లేదు. తుడిచే బట్టను బకెట్ల పిండి, "సిస్టర్, నీళ్లు మారుస్త, జర జరుగున్రి" అన్నది. జరిగిన.

గంతే. ఆ మాట తోని నా బతుకు మారింది. ప్రతి బ్యాచిల మొదటి దినం కెటిల్ పూట ఒక కట్టుబాటైంది. నేను కెటిల్ మేడం అయిన. వార్డు డ్యూటీ ఇడిచిపెట్టి ట్రస్టుల ట్రైనర్‌గ చేరిన. కోళ్ల షెడ్డు పోయి మేడ్చల్‌ల సొంత బిల్డింగ్ వచ్చింది. ఎవలన్న గీ ఆలోచన ఎట్లొచ్చిందని అడిగితే మొదట్ల "ఊకెనే తట్టింది" అనేదాన్ని. కొన్నేండ్లకు "మా అవ్వ చెప్తుండె" అన్న. ఒక పెద్ద మీటింగుల "జపాన్‌ల గూడ గిట్లనే చేస్తరట" అన్న. నాకు జపాన్ ఎరుకనా? దగ్గరున్న నాగారం పోవాల్నంటేనే రెండు బస్సులు మారుత!

నవ్వొస్తాంది గద. ఇగ నవ్వు రానిది చెప్త.

ఒకసారి పెద్దసారు పిలిచి, "ఆయమ్మలల్లకెళ్లి ఒకామెను ట్రైనర్‌గ కూసోవెడ్దాం, యాదమ్మ ఎట్లుంటది?" అన్నడు. "ఆమెకు సిగ్గెక్కువ సార్, నలుగుట్ల మాట్లాడలేదు" అన్న. యాదమ్మకు సిగ్గా! ఐతారం నాడు ఆమె చేపలమ్మితే ఆ గొంతు రోడ్డుకు అవతలి ఒడ్డు దాంక వినవడ్తది. ఆమె కుర్చీల కూసుంటే మొదటి దినమే ఎవలో ఒకలు కెటిల్ సంగతి అడుగుతరు, ఆమె ఉన్నదున్నట్టు చెప్తది. గదీ నా భయం. కిందోళ్ల మాట పైకి రావాలెనని బోర్డు రాయించిన ట్రస్టుల, ఒక మాటను తొక్కిపట్టింది నేను. ఆమె ఇయ్యాల్టి దాంక గా బకెట్ తోనే ఉన్నది. ఈ నెల ఆఖరుకు రిటైరైతాంది. పెద్దసారు పోయి మూడేండ్లైంది, ఆయనకు చెప్పుకునే తొవ్వ గూడ లేదు.

ఇంకొక్కటి. కెటిల్ పూటల ఆయమ్మలకు, వాచ్‌మన్‌కు మాత్రం మేం ట్రైనర్లమే చాయ్ పోస్తం. అందరికీ పోసిన, యాదమ్మకు ఒక్కనాడు పొయ్యలె. ఆమె వంతు రాంగనే నాకు ఫోనన్న వచ్చేది, పనన్న గుర్తుకొచ్చేది. పోసెటోళ్లు మొకం చూడాలె గద మల్ల.

మొన్న మా ఆఫీసు పిల్ల లావణ్య వచ్చింది. కాకినాడ పిల్ల, ఈడ సుచిత్ర చౌరస్తా కాడ ఉంటది. ట్రస్టు చరిత్ర పుస్తకమేస్తున్నరు, ఆ పని ఆమెదే. "మేడమ్ గారూ, కెటిల్ ఆలోచన మీకెలా వచ్చిందో ఒక్క పేజీ రాసిచ్చేయండి, మిగతాదంతా నేను చూసుకుంటానండి" అన్నది. మొదటి బ్యాచి ఫొటో గూడ చూపెట్టింది. నడుమ కెటిల్ పట్టుకొని నేను, ఇకిలిస్తున్న. అంచుకు ఒక చీపురు కట్టె, దాన్ని పట్టుకున్న ఆకుపచ్చ గాజుల చెయ్యి, యాదమ్మది. "ఈ చెయ్యి అడ్డంగా ఉందండీ, కట్ చేసేస్తాను" అన్నది. వద్దు బిడ్డా, ఉండనీ అన్న.

పేజీ రాసేతందుకు కూసున్న. నాలుగుసార్లు రాసిన. నాలుగుసార్లూ జపానే వచ్చింది. కాయితాలు చింపి, ఇగ గిది రాసిన.

యాదమ్మ ఎందుకు అడగలె? మర్యాదనా? ఈమెతోని ఏం పెట్టుకుంటం అనుకున్నదా? మాఫ్ చేసింది అనుకుంటే నాకు సుఖంగుంటది. కానీ ఆమె ఇయ్యనిదాన్ని నాదే అనుకునుడు నాకు పాత అలవాటు. గది ఇగ బంద్.

అందుకే గీ పేజీల నా పేరు పెట్టలె. నా పేరు చానా కాడ చానాసార్లు పడ్డది, సాలు. గీడ ఒక్క పేరే ఉండాలె. కెటిల్ ముచ్చట యాదమ్మది. శామీర్‌పేట చెరువోళ్లది. లావణ్య చదివి అమ్మ బాబోయ్ అంటది. అననీ, చెయ్యి మాత్రం కట్ చెయ్యొద్దు.

రాసినంక పానం అల్కగైంది, అబద్ధమెందుకు. శాలువలు బీరువల ఉన్నయి, అయినా మెడ కాడ ఏం గుచ్చుతలేదు.

సోమవారం కొత్త బ్యాచి. యాదమ్మకు ఆఖరి బ్యాచి. ఎక్కువ ఒర్రినోళ్లే పొయ్యాలెనని ఆమె పెట్టిన కట్టుబాటు. గీ పద్దెనిమిదేండ్లల్ల నాకంటే ఎక్కువ ఒర్రింది ఎవలు? గీ పేజీ అందరి ముందట చదివి, కెటిల్ నేనే పడ్త. మొదటి కప్పు ఆమెకు పోస్త. మొకం చూసి శక్కర ఎంత యాదమ్మా అని అడగాలె. ఇన్నేండ్లైనా నాకు తెల్వదు.

కప్పు ముందటికి చాపుతదో, నీళ్లు మారుస్త జర జరుగున్రి అంటదో. జరుగుమంటే జరుగుత. చాపితే పోస్త. అందరికీ పోసినంక, మడ్డి మిగిలినా సరే, ఆఖరి కప్పు నాది.