ముక్కాయన దాచిన సంగతి

నలభై కాఫీ కొట్లకు ఆధారం ఒక ముక్కు. నవ్వకండి, నిజమే. బస్టాండు మెట్ల కింద ఒక్క పొయ్యితో బావా బావమరుదులు కొట్టు పెట్టిన రోజుల్లో, బావమరిది గింజలు వేయిస్తుంటే బావ పక్కన నిలబడి ఘాటు పసిగట్టి "ఇక దించరా" అనేవాడు. ఆ కాఫీ కోసం జనం ఎక్కాల్సిన బస్సులు వదులుకున్నారు. ఒక కొట్టు రెండైంది, పదైంది, ఇరవై ఏళ్ళకు నలభై అయింది. అన్నిటికీ పొడి ఒక్కచోటి నుంచే వెళ్తుంది, అదీ బావ రుచి చూసి సరే అన్నాకే. అందరూ ఆయన్ని ముక్కాయన అనేవారు.

ఆ ముక్కు పనిచేయడం మానేసి మూడేళ్ళయింది. ఏదో జ్వరం వచ్చి తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. ఆ మాట పైకి చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. పెద్దరికం అంతే మరి, ఎక్కడం తేలిక, దిగడమే చావు.

మరి ఎలా నెట్టుకొచ్చాడంటారా? కప్పులు కడిగే ఆవిడ మొహం చూసి! కడిగిన కప్పులు బల్ల మీద పేర్చి డికాషన్ పోసేది ఆవిడే. పోస్తూ హాయిగా ఊపిరి పీలిస్తే సరుకు మంచిది. మొహం చిట్లిస్తే వెనక్కి. ఈయనగారు చెంచాతో జుర్రి, కాసేపు పైకప్పు చూసి, ఆవిడ తీర్పునే తన తీర్పుగా వినిపించేవాడు.

మొన్నామధ్య ఆవిడ ఒక్కరోజు రాలేదు. ఆ రోజే బూజు పట్టిన సరుకు దిగింది. ముక్కాయన జుర్రి, "దివ్యంగా ఉంది" అన్నాడు. మర్నాడు నలభై కొట్లలోనూ జనం కాఫీ ఉమ్మేశారు.

"ఏంటి బావా ఇది?" అన్నాడు బావమరిది. గట్టిగా కూడా అనలేదు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, "సెలవుకి ముందురోజు ఆవిడ కప్పులు సరిగ్గా కడగలేదురా. సబ్బు వాసనలో నాకేం తెలుస్తుంది?" అనేశాడు ఈయన. సాయంత్రానికి ఆవిడ ఉద్యోగం ఊడింది. ఛీ, ఏం మనిషండీ!

తన మీద తనకే అసహ్యం వేసి మూడు రోజులు అన్నం సహించలేదు. నాలుగో రోజు తేలు కుట్టిన దొంగలా వెళ్ళి ఆవిడ గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ పల్లెత్తు మాట అనకుండా కుర్చీ వేసి, కాఫీ తెచ్చిచ్చింది. ఒక గుక్క తాగి, అలవాటుకొద్దీ పైకప్పు చూసి, "కమ్మగా ఉందమ్మా" అన్నాడు.

"పాలు మాడిపోయాయన్నయ్యా. ఇంట్లో ఉన్నవి అవే. వీధి దాకా కొడుతోంది వాసన."

ఆయనకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మూడేళ్ళ నుంచీ నాకు తెలుసు" అంది ఆవిడ. "మీరు నా మొహం చూస్తారనేగా ఇన్నాళ్ళూ నేను సెలవే పెట్టనిది. ఆ రోజు ఒళ్ళు తెలీని జ్వరం, లేవలేకపోయాను."

"తప్పు చేశానమ్మా. నా ముక్కు పోయింది, నీ మీద తోసేశాను."

"ఈ మాట చెప్పాల్సింది నాకు కాదుగా."

"వెళ్తున్నా. ఇప్పుడే మా బావమరిదికి చెప్తాను."

మిగిలిన కాఫీ చివరిదాకా తాగి లేచాడు. ఏం చేయాలో తోచక, ఖాళీ కప్పు కడుగుదామని కుళాయి దగ్గరికి నడిచాడు. ఆవిడ ఎదురొచ్చి కప్పు లాక్కుంది.

"ఇటివ్వండి. కప్పు కడగడం నాకొచ్చు."